ఆస్ట్రేలియాలో అన్నీ జనవరి 26నే ఎందుకు జరిగాయి?

‘చరిత్రలో ఈ రోజు’ అంటూ పేపర్లలో, వాట్సాప్‌లో వచ్చే జాబితాలు మనకు బాగా అలవాటే. ఫలానా తేదీన ఒక యుద్ధం, ఒక నాయకుడి పుట్టుక, ఒక రాకెట్ ప్రయోగం. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఉండదు. ఏడాదికి ఉన్నవే 365 రోజులు కాబట్టి ఏదో ఒకటి ఇంకేదో ఒకదానితో కలవక తప్పదు.

ఆస్ట్రేలియా చరిత్రలో నవంబర్ 11 అలాంటి తేదీ. 1880లో ఆ రోజున నెడ్ కెల్లీ అనే పేరుమోసిన బందిపోటును మెల్‌బోర్న్ జైల్లో ఉరి తీశారు. 1918లో అదే రోజున మొదటి ప్రపంచ యుద్ధం ఆగింది. ఆ యుద్ధంలో దాదాపు 60 వేలమంది ఆస్ట్రేలియన్లు చనిపోయారు. 1975లో మళ్లీ అదే రోజున గవర్నర్ జనరల్ జాన్ కెర్, ఎన్నికల్లో గెలిచి వచ్చిన ప్రధాని గాఫ్ విట్లమ్‌ను పదవి నుంచి తీసేశారు. మూడూ అక్కడ బడి పిల్లలకి కూడా తెలిసిన సంగతులే. తేదీ కలవడం తప్ప వాటి మధ్య ముడి ఏమీ లేదు.

మే 9 దీనికి పూర్తిగా తిరగబడిన రకం. 1901లో ఆ రోజున దేశపు మొదటి పార్లమెంటు మెల్‌బోర్న్‌లో మొదలైంది. 1927లో కాన్‌బెరాలో తాత్కాలిక పార్లమెంటు భవనాన్ని, 1988లో ఇప్పుడున్న కొత్త భవనాన్ని అదే తేదీన ప్రారంభించారు. ఇందులో యాదృచ్ఛికం ఏమీ లేదు. పాత తేదీ చూసుకుని కొత్త పనికి ముహూర్తం పెట్టుకున్నారంతే.

ఆస్ట్రేలియా డే పేరుతో దేశం జాతీయ పండగ చేసుకునే జనవరి 26 మాత్రం ఈ రెండు రకాలూ కలిసిపోయిన తేదీ. అది మొదలైంది గాలివాటంగా. ఆ తర్వాత దాని మీద పడిన సంఘటనల్లో కొన్ని అనుకోకుండా జరిగినవి. ఎక్కువ భాగం మాత్రం ఆ తేదీ కోసం కాచుకుని కూర్చున్నవే. పండగ చేసుకునేవాళ్లూ దాన్నే ఎంచుకున్నారు, పండగ వద్దన్నవాళ్లూ దాన్నే ఎంచుకున్నారు. ఇవాళ ఆస్ట్రేలియాలో ఏటా జనవరి వచ్చేసరికి ఈ పండగ తేదీ మీద రేగే గొడవ అర్థం కావాలంటే, ఏది తనంతట తాను పడింది, ఏది తెచ్చిపెట్టింది అన్నది విడదీసి చూడాలి.

గాలి తిరిగిన రోజు

అమెరికా చేజారాక బ్రిటన్‌కి ఖైదీలను పంపించుకునే చోటు లేకుండా పోయింది. జైళ్లు నిండాయి. నదుల్లో లంగరేసిన పాత ఓడల్ని జైళ్లుగా మార్చితే అవీ నిండాయి. 1770లో జేమ్స్ కుక్‌తో పాటు ఆస్ట్రేలియా తూర్పు తీరం చూసొచ్చిన జోసెఫ్ బ్యాంక్స్, బోటనీ బే అనే చోటు బాగుంటుందని సిఫార్సు చేశాడు. అలా 1787 మే 13న ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ రేవు నుంచి 11 ఓడలు బయలుదేరాయి. ఖైదీలు, సైనికులు, అధికారులు, వాళ్ల కుటుంబాలు కలిపి వెయ్యిమందికి పైనే. నాయకుడు ఆర్థర్ ఫిలిప్.

ఎనిమిది నెలల ప్రయాణం తర్వాత, 1788 జనవరి 18 నుంచి 20 లోపు అన్ని ఓడలూ బోటనీ బే చేరాయి. అంటే బ్రిటిష్ వాళ్లు వచ్చిన రోజు కావాలనుకుంటే అది 18 అవుతుంది, 26 కాదు. తీరా చూస్తే బ్యాంక్స్ చెప్పినంత గొప్ప చోటేమీ కాదది. నీళ్లు లోతు తక్కువ, గాలులకు అడ్డు లేదు, తాగునీరు చాలదు. ఫిలిప్ 21న చిన్న పడవలు తీసుకుని ఉత్తరంగా వెళ్లి పోర్ట్ జాక్సన్ అనే పెద్ద సహజ రేవును పరిశీలించాడు. అందులో మంచినీటి వాగు కలిసే ఒక మూలను ఎంచుకుని, అప్పటి బ్రిటిష్ హోం సెక్రటరీ లార్డ్ సిడ్నీ పేరు పెట్టాడు. అక్కడ తరతరాలుగా ఉంటున్న గాడిగల్ ప్రజలకి అది వారన్.

ఫిలిప్ వెనక్కొచ్చి ఓడల్ని అక్కడికి మళ్లిద్దామనుకుంటుండగా, 24వ తేదీ ఉదయం బోటనీ బే ముందు రెండు కొత్త ఓడలు కనిపించాయి. ఫ్రెంచ్ నావికుడు లా పెరూజ్‌వి అవి. ఆయన వచ్చింది శాస్త్ర పరిశోధన కోసమే కానీ, ప్రపంచపు ఆ చివర్లో, ఆ వారంలోనే ఫ్రెంచ్ జెండా కనిపిస్తే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. ఫిలిప్ 25న సప్లై అనే ఓడలో పోర్ట్ జాక్సన్‌కి వెళ్లిపోయాడు. మిగతా ఓడలు ఎదురుగాలి వల్ల ఆ రోజు కదల్లేకపోయాయి. 26న బోటనీ బే దాటుతూ కొన్ని ఓడలు ఒకదానికొకటి గుద్దుకున్నాయి కూడా. ఎట్టకేలకు సాయంత్రానికి సిడ్నీ చేరుకున్నాయి. అక్కడ ఆ పొద్దున్నుంచే కొందరు చెట్లు కొట్టి చోటు చదును చేస్తున్నారు. ఒక కర్ర పాతి బ్రిటిష్ జెండా ఎగరేశారు, రాజు పేరు చెప్పి మందు తాగారు, తుపాకులు పేల్చారు. ఇదే ఆ జనవరి 26.

(లా పెరూజ్ మార్చి 10న అక్కణ్నుంచి బయలుదేరి, ఆ తర్వాత యూరప్ వాళ్లెవరికీ కనిపించలేదు. పసిఫిక్‌లోని వానికోరో దీవి దగ్గర ఆయన ఓడలు బద్దలయ్యాయని తేలడానికి నలభై ఏళ్లు పట్టింది.)

ఆ రోజు చట్టపరంగా ఏ పెద్ద పనీ జరగలేదు. ఖైదీ స్త్రీలు ఓడలు దిగింది ఫిబ్రవరి 6న. మర్నాడు, ఫిబ్రవరి 7న, జడ్జ్ అడ్వకేట్ డేవిడ్ కాలిన్స్ రాజపత్రాలు చదివితే అప్పుడు వలస ప్రభుత్వం లాంఛనంగా మొదలైంది. తూర్పు తీరం బ్రిటిష్ రాజుదని కుక్ ప్రకటించింది 18 ఏళ్ల ముందు, 1770 ఆగస్టు 22న. ఫిలిప్‌కి అప్పజెప్పింది 135 డిగ్రీల తూర్పు రేఖాంశం దాకానే. పడమటి వైపు వలస మొదలైంది 1820ల చివర్లో. ఆస్ట్రేలియా అనే దేశం పుట్టింది 1901 జనవరి 1న, ఆరు వలస రాష్ట్రాలు ఒక సమాఖ్యగా కలిసినప్పుడు. ఇన్ని తేదీల్లో 26 నిజానికి చాలా బలహీనమైన అభ్యర్థి. గాలి ఒక్క రోజు ముందు తిరిగుంటే పండగ 25న ఉండేది.

తాగుడు పంచాయితీ

సరిగ్గా ఇరవై ఏళ్లకి, 1808 జనవరి 26న, ఆస్ట్రేలియా చరిత్రలో ఒకే ఒక్క సైనిక తిరుగుబాటు జరిగింది. అప్పటి గవర్నర్ విలియం బ్లై. బౌంటీ అనే ఓడ మీద 1789లో సిబ్బంది తిరగబడి నడిసముద్రంలో చిన్న పడవలోకి దించేసిన కెప్టెన్ ఆయనే. ఒకే మనిషి మీద రెండు తిరుగుబాట్లు జరగడం మాత్రం అరుదైన రికార్డే.

సిడ్నీలో అప్పటికి నాణేలు కరువు. సారా, రమ్ముతోనే సరుకులు, కూలీ చెల్లేవి. ఆ వ్యాపారం మీద న్యూ సౌత్ వేల్స్ కోర్ అనే సైనిక దళం అధికారులకి గట్టి పట్టు ఉండేది. 1806లో వచ్చిన బ్లై ఆ మారకాన్ని నిషేధించాడు, భూముల విషయంలో కూడా పెద్దవాళ్లతో తగువు పెట్టుకున్నాడు. వాళ్లలో ముఖ్యుడు జాన్ మెకార్థర్, మాజీ సైనికాధికారి, గొర్రెల పెంపకందారు. ఆయన మీద కేసు జనవరి 25న విచారణకొచ్చింది. విచారించాల్సిన ఆరుగురు సైనికాధికారులూ ఆయన పక్షం వహించారు. బ్లై వాళ్ల మీద రాజద్రోహం మోపుతానన్నాడు. 26న మేజర్ జార్జ్ జాన్‌స్టన్ మెకార్థర్‌ని జైలు నుంచి విడిపించి, సాయంత్రం దాదాపు 400 మంది సైనికులతో గవర్నర్ ఇంటికి కవాతు చేసి బ్లైని నిర్బంధించాడు. బ్లై మంచం కింద దాక్కుంటే ఈడ్చుకొచ్చారని చూపే ఒక రంగుల బొమ్మ కూడా వేయించారు. అది గెలిచినవాళ్ల ప్రచారమే.

ఇది వార్షికోత్సవ రోజునే ఎందుకు జరిగింది? ఆ రోజుల్లో తాగి పండగ చేసుకునే అలవాటు ఊళ్లో ఉన్నమాట నిజమే. అయినా కోర్టు వాయిదాల వరస చూస్తే, తేదీ కోసం ఆగినట్టు ఏమీ కనపడదు. నన్నడిగితే ఇది నవంబర్ 11 రకానికే చెందుతుంది. కొసమెరుపు ఏమిటంటే శిక్ష దాదాపు పడలేదు. జాన్‌స్టన్‌ని 1811లో ఇంగ్లండ్‌లో సైనిక కోర్టు దోషిగా తేల్చి కొలువు నుంచి తీసేసింది, ఆయన సిడ్నీకి తిరిగొచ్చి వ్యవసాయం చేసుకున్నాడు. మెకార్థర్ 1817 దాకా ఇంగ్లండ్‌లోనే ఉండిపోవాల్సి వచ్చింది కానీ, అతని గొర్రెల ఉన్ని వ్యాపారం మాత్రం పెరిగి దేశానికే ముఖ్య సంపద అయింది.

ఖైదీల పండగ ప్రభుత్వ పండగైన తీరు

ఈ తేదీని మొదట గుర్తుపెట్టుకున్నది ప్రభుత్వం కాదు. శిక్ష ముగించుకుని, సంపాదించుకుని, సిడ్నీలోనే స్థిరపడిన మాజీ ఖైదీలు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన దొరలకి వీళ్లంటే చిన్నచూపు. ఈ ఊరు మాది, మేం కట్టుకున్నది అని చెప్పుకోడానికి వాళ్లకి ఒక రోజు కావాలి. 1810ల నాటికి జనవరి 26న విందులు పెట్టుకుని పాటలు పాడుకోవడం మామూలైంది.

1818లో ముప్పై ఏళ్లు నిండినప్పుడు గవర్నర్ లాక్లన్ మెక్వారీ 30 తుపాకుల వందనం చేయించి, ప్రభుత్వ పనివాళ్లకి సెలవిచ్చాడు, తలా ఒక పౌను మాంసం అదనంగా పంచాడు. 1837 నుంచి సిడ్నీ రేవులో పడవ పందేలు మొదలయ్యాయి. 1838లో, 50 ఏళ్ల పండక్కి, అధికారికంగా సెలవు ప్రకటించారు.

ఇదంతా సిడ్నీ రాజధానిగా ఉన్న న్యూ సౌత్ వేల్స్ వరకే. సౌత్ ఆస్ట్రేలియా వాళ్ల పుట్టినరోజు డిసెంబర్ 28. వెస్టర్న్ ఆస్ట్రేలియాది జూన్ 1. వాళ్లకి జనవరి 26 అంటే పక్క ఊరి జాతర. 1888లో నూరేళ్ల సంబరాలకి అడిలైడ్ తప్ప మిగతా రాజధానులు చేతులు కలిపాయి. అప్పటి న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ హెన్రీ పార్క్స్‌ని, ఆదివాసుల కోసం ఏమైనా చేస్తున్నారా అని అడిగితే, వాళ్లని మనం దోచుకున్నామని గుర్తుచేయమంటారా అన్నట్టు ఎదురు ప్రశ్న వేశాడని చరిత్రలో చెప్పుకుంటారు.

ఆస్ట్రేలియా డే అన్న పేరు కూడా మొదట ఈ తేదీకి రాలేదు. 1915లో గల్లిపోలి యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం చందాలు పోగు చెయ్యడానికి జరిపిన ఆస్ట్రేలియా డే జూలై 30న జరిగింది. 1930ల మధ్యకొచ్చేసరికి దాదాపు రాష్ట్రాలన్నీ జనవరి పండక్కి ఆ పేరు వాడటం మొదలుపెట్టాయి. అప్పుడు కూడా చాలాచోట్ల సెలవును సోమవారానికి జరిపి వరసగా మూడు రోజులు కలిసొచ్చేలా చూసుకునేవాళ్లు. దేశమంతటా ఖచ్చితంగా 26వ తేదీనే సెలవు అన్నది 1994 నుంచే. ఈ పండగ అనాదిగా వస్తున్న సంప్రదాయం అని వాదించేవాళ్లు ఈ సంగతి తరచూ మర్చిపోతారు.

అదే రోజు, సిడ్నీకి దూరంగా

1838 దగ్గరికి మళ్లీ వెళ్లాలి. సిడ్నీ రేవులో పడవ పందేలు, టపాకాయలు నడుస్తున్న ఆ జనవరి 26నే, ఉత్తరాన వాటర్లూ క్రీక్ అనే చోట మేజర్ జేమ్స్ నన్ నాయకత్వంలోని గుర్రపు పోలీసులు గమిలరాయ్ అనే ఆదివాసీ ప్రజల మీద కాల్పులు జరిపారు. ఎంతమంది చనిపోయారన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ ఏకీభవించరు. కొద్దిమంది అనే లెక్క నుంచి యాభై, అంతకు మించి అనే లెక్క దాకా ఉన్నాయి. ఎవరికీ శిక్ష పడలేదు. అదే ఏడాది జూన్‌లో మయాల్ క్రీక్ దగ్గర పశువుల కాపర్లు కనీసం 28 మంది ఆదివాసులను చంపినప్పుడు మాత్రం కేసు నడిచి, డిసెంబర్‌లో ఏడుగురిని ఉరి తీశారు. అలాంటి శిక్ష పడడం ఎంత అరుదంటే, మయాల్ క్రీక్ పేరు ఆ కారణంగానే చరిత్రలో నిలిచింది. వాటర్లూ క్రీక్ పేరు చాలాకాలం మరుగున పడింది.

నన్ దళం ఆ తేదీని ఎంచుకోలేదు. వారాల తరబడి వెంటాడుతూ వెళ్తే ఆ రోజున ఎదురుపడ్డారు. అయినా ఈ ఒక్క కలయిక మిగతావాటికంటే ఎక్కువ చెబుతుంది. ఒకే ప్రభుత్వం, ఒకే రోజున, రెండు చోట్ల చేస్తున్న పనులివి.

తేదీని ఎంచుకున్నవాళ్లు

1938లో 150 ఏళ్లు నిండాయి. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం ఫిలిప్ దిగిన ఘట్టాన్ని మళ్లీ ప్రదర్శించాలనుకుంది. అందులో ఖైదీలను చూపించకూడదని ముందే నిర్ణయించుకున్నారు, పరువు తక్కువని. కానీ ఆదివాసులు కావాలి, ఓడల్ని చూసి పారిపోయే పాత్రలకి. సిడ్నీలోని ఆదివాసీ సంఘాల వాళ్లు ఒప్పుకోలేదు. దాంతో రాష్ట్రం పడమటి ప్రాంతంలోని మెనిండీ, బ్రూవారినా రిజర్వుల (ఆదివాసులకు కేటాయించిన చోట్ల) నుంచి మనుషులను తీసుకొచ్చారు. వాళ్లు బయటివాళ్లతో మాట్లాడకుండా రెడ్‌ఫర్న్ పోలీసు బ్యారక్స్‌లో ఉంచారు.

అదే రోజు మధ్యాహ్నం, ఊరేగింపు అయిపోయాక, ఎలిజబెత్ వీధిలోని ఆస్ట్రేలియన్ హాల్లో దాదాపు వందమంది ఆదివాసులు సమావేశమయ్యారు. టౌన్ హాల్ అడిగితే ఇవ్వలేదు. ఈ హాల్లోకి కూడా వెనక తలుపు గుండా రమ్మన్నారు. అయినా కూడారు. ఆ సభకు వాళ్లు పెట్టుకున్న పేరు సంతాప దినం. విలియం కూపర్, జాక్ ప్యాటెన్, విలియం ఫెర్గూసన్, పెర్ల్ గిబ్స్, డగ్ నికల్స్, మార్గరెట్ టకర్ లాంటివాళ్లు నడిపించారు. తెల్లవాళ్లు దేశాన్ని పట్టుకున్న 150వ ఏడు ఇది, మాకిది సంతాపం, మాకు సమాన పౌరసత్వం కావాలి అన్నది వాళ్ల తీర్మానం. అయిదు రోజులకి ప్రధాని జోసెఫ్ లయన్స్‌ని కలిసి పది అంశాల పట్టిక ఇచ్చారు. ఆచరణలో ఏదీ కదల్లేదు.

విలియం కూపర్ గురించి ఇంకో మాట. ఆదివాసులకు పార్లమెంటులో ప్రాతినిధ్యం కావాలంటూ 1,814 సంతకాలతో బ్రిటన్ రాజుకి ఆయన ఒక అర్జీ తయారు చేశారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం దాన్ని రాజుకి పంపనే లేదు. 1938 డిసెంబర్‌లో, జర్మనీలో యూదుల మీద జరిగిన దాడులకు నిరసనగా మెల్‌బోర్న్‌లోని జర్మన్ కాన్సులేట్‌కి ఒక బృందాన్ని తీసుకెళ్లారు. తనకే పూర్తి పౌరహక్కులు లేని మనిషి, ఇంకో ఖండంలో ఎవరికోసమో ఎండలో నడిచాడు. జనవరి 26 ముందు వచ్చే ఆదివారాన్ని చర్చిలు ఆదివాసుల కోసం కేటాయించాలన్నది కూడా ఆయన ప్రయత్నమే. 1940 నుంచి అది జరిగింది. 1955లో దాన్ని జూలైకి మార్చారు. ఇప్పుడు దేశమంతా జరుపుకునే నైడాక్ అనే ఆదివాసీ వారోత్సవానికి మూలం అదే. చూశారా, తేదీ మార్చడం అసాధ్యమేమీ కాదు. సంతాపాన్ని మార్చినంత తేలిగ్గా సంబరాన్ని మార్చలేకపోతున్నారు, అంతే.

సంతాప దినం ఏం చేసిందంటే, తేదీకి రెండో ముఖం ఇచ్చింది. ఆ తర్వాత ప్రతి పెద్ద నిరసనా అక్కడికే వచ్చి చేరింది.

1972 సంగతే చూడండి. భూమి హక్కుల కోసం యోల్ంగు అనే ఆదివాసీ ప్రజలు వేసిన కేసు 1971లో కోర్టులో ఓడిపోయింది. ప్రధాని విలియం మెక్‌మాన్ ఆస్ట్రేలియా డే సందర్భంగా ఒక ప్రకటన చేస్తూ, సొంత భూమి హక్కు ఇవ్వం, షరతులతో 50 ఏళ్ల లీజులు ఇస్తాం అన్నారు. వాళ్లదే అయిన నేలని వాళ్లకే లీజుకివ్వడం! ఆ రాత్రికి రాత్రే సిడ్నీ నుంచి కారులో నలుగురు కుర్రాళ్లు కాన్‌బెరా వచ్చారు: మైకేల్ ఆండర్సన్, బిల్లీ క్రెయిగీ, టోనీ కూరీ, బెర్టీ విలియమ్స్. పార్లమెంటు ముందు పచ్చికలో ఒక బీచ్ గొడుగు పాతి, దానికి ఎంబసీ అని పేరు పెట్టారు. సొంత దేశంలో పరాయివాళ్లలా చూస్తున్నప్పుడు మాకూ ఒక రాయబార కార్యాలయం ఉండాలిగా అన్నది వాళ్ల లాజిక్. అక్కడ గుడారం వేసుకోవడాన్ని ఆపే నిబంధన ఏదీ అప్పటికి లేకపోవడంతో పోలీసులు వెంటనే ఏమీ చెయ్యలేకపోయారు. గొడుగు గుడారాలైంది. ప్రతిపక్ష నాయకుడిగా ఉన్న విట్లమ్ వచ్చి మాట్లాడి వెళ్లారు. జూలైలో ప్రభుత్వం హడావిడిగా నిబంధన మార్చి పోలీసులతో పీకించింది. ఆ దృశ్యాలు టీవీల్లో వచ్చాక పరువు పోయింది ప్రభుత్వానిదే. ఆ టెంట్ ఎంబసీ పాత పార్లమెంటు ముందు 1992 నుంచి శాశ్వతంగా ఉంది.

1988లో, 200 ఏళ్లకి, సిడ్నీ రేవు చుట్టూ దాదాపు 20 లక్షలమంది చేరారు. యువరాజు చార్లెస్, డయానా వచ్చారు, పాతకాలపు ఓడలు మళ్లీ రేవులోకి తెరచాపలతో వచ్చాయి. అదే రోజు 40 వేలమందికి పైగా ఆదివాసులు, వాళ్లకి మద్దతుగా వచ్చినవాళ్లు రెడ్‌ఫర్న్ వైపు నుంచి నగరంలోకి నడిచారు. అదే రోజు ఇంగ్లండ్‌లో, డోవర్ తీరపు తెల్లటి కొండల దగ్గర, బర్నమ్ బర్నమ్ అనే ఆదివాసీ నాయకుడు ఆదివాసీ జెండా పాతి, ఇంగ్లండ్‌ని మా ప్రజల తరఫున స్వాధీనం చేసుకుంటున్నానని ప్రకటించారు. మీకేమీ హాని తలపెట్టడం లేదని స్థానికులకి హామీ కూడా ఇచ్చారు. ఫిలిప్ చేసిన పనిని అద్దంలో చూపించడానికి ఇంతకంటే పొదుపైన పద్ధతి నాకైతే తోచదు.

పౌరసత్వం కూడా ఇదే రోజు

ప్రభుత్వం వైపు నుంచి కూడా ఆ తేదీ మీద ఒక పెద్ద ఇటుక పడింది. 1949 దాకా ఆస్ట్రేలియా పౌరుడు అనే చట్టపరమైన హోదాయే లేదు, అందరూ బ్రిటిష్ ప్రజలే. ఆ హోదాను సృష్టించిన చట్టం 1948లో పాసై, 1949 జనవరి 26న అమల్లోకి వచ్చింది. అప్పటి వలస శాఖ మంత్రి ఆర్థర్ కాల్వెల్. ఆయనే తెల్లవాళ్లు తప్ప ఎవరూ రాకూడదన్న విధానానికి గట్టి సమర్థకుడు కూడా. ఆ విధానం 1966 నుంచి సడలి, 1973లో పూర్తిగా పోయింది. అది పోకపోతే ఇవాళ సిడ్నీ, మెల్‌బోర్న్ శివార్లలో బతుకమ్మ, సంక్రాంతి సంబరాలు ఉండేవి కావు. 2021 జనగణనలో ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెప్పినవాళ్లు 59 వేలకు పైనే.

1949 చట్టం వల్లే జనవరి 26న పౌరసత్వ ప్రమాణ కార్యక్రమాలు పెట్టడం ఆనవాయితీ అయింది. మన తెలుగువాళ్లు చాలామంది ఆ రోజునే ఆ సర్టిఫికెట్ అందుకున్నారు. ఇక్కడ ఒక చిత్రమైన ముడి ఉంది. భారత చట్టం రెండు దేశాల పౌరసత్వాన్ని ఒప్పుకోదు. స్వచ్ఛందంగా ఇంకో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణంలోనే భారత పౌరసత్వం పోతుంది. కాబట్టి జనవరి 26న ఆస్ట్రేలియా కౌన్సిల్ హాల్లో ప్రమాణం చేసే హైదరాబాద్ వాడో, విజయవాడ వాడో సరిగ్గా రిపబ్లిక్ డే నాడు భారత పౌరుడు కాకుండా పోతాడు.

మన జనవరి 26కీ వాళ్ల 26కీ సంబంధం లేదు. కానీ పుట్టుక కొంచెం పోలి ఉంటుంది. లాహోర్ కాంగ్రెస్ తర్వాత 1930 జనవరి 26న పూర్ణ స్వరాజ్య దినం జరిపారు. అది ఆదివారం. ఆ తర్వాత ఆ తేదీకి ఏటేటా బరువు పెరిగింది. 1949 నవంబర్ 26నే ఆమోదం పొందిన రాజ్యాంగాన్ని పూర్తిగా అమల్లోకి తేవడానికి రెండు నెలలు ఆగింది ఆ తేదీ కోసమే. అంటే బ్రిటిష్ జెండా ఎగరడాన్ని ఒక దేశం, అది దిగాలన్న ప్రతిజ్ఞని ఇంకో దేశం ఒకే రోజున తలుచుకుంటున్నాయి.

క్రికెట్ వదిలేస్తే మనవాళ్లు ఊరుకోరు కాబట్టి: 1993 జనవరి 26న అడిలైడ్ టెస్టులో 186 కొట్టాల్సిన ఆస్ట్రేలియా 184కి ఆలౌటై, వెస్టిండీస్ చేతిలో ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది. 2016లో అదే తేదీన అదే మైదానంలో కోహ్లీ 90 నాటౌట్, టీ20లో భారత్ గెలుపు.

మార్చాలంటే ఎవరు మార్చాలి?

2017లో మెల్‌బోర్న్‌లోని యారా, డేరిబిన్ కౌన్సిళ్లు జనవరి 26 కార్యక్రమాలు మానేస్తామన్నాయి. కేంద్ర ప్రభుత్వం వెంటనే వాటికి పౌరసత్వ ప్రమాణాలు నిర్వహించే అధికారం తీసేసింది. 2022 చివర్లో వచ్చిన మార్పుతో 26కి మూడు రోజులు ముందూ వెనకా ఎప్పుడైనా ఆ కార్యక్రమాలు పెట్టుకునే వీలు కలిగింది. ట్రిపుల్ జే అనే ప్రభుత్వ రేడియో తన పేరుపొందిన వంద పాటల లెక్కింపును 2018 నుంచి 26 నుంచి తప్పించింది. 2024లో ఆ పండక్కి ముందురోజు మెల్‌బోర్న్‌లోని సెయింట్ కిల్డాలో కుక్ విగ్రహాన్ని చీలమండల దగ్గర కోసి పడేశారు. 1788 నాటికి కుక్ చనిపోయి తొమ్మిదేళ్లయిందని, ఆయనకీ జనవరి 26కీ సంబంధం లేదని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

మార్చాలని వాదించేవాళ్లకి ముందు ఎదురయ్యే ప్రశ్న: ఏ తేదీకి? సమాఖ్య పుట్టిన జనవరి 1 చక్కగా సరిపోయేది. కానీ ఆ రోజు కొత్త సంవత్సరం, ఎలాగూ సెలవే, పైగా దేశం సగం ముందురాత్రి మత్తులో ఉంటుంది. మే 9 పార్లమెంటు తేదీ, కానీ చలికాలం ముందు బీచ్‌లో పండగేమిటంటారు. ఆదివాసులను జనగణనలో లెక్కించడానికి 90 శాతానికి పైగా ఓటర్లు ఒప్పుకున్న 1967 మే 27 గురించీ కొందరు మాట్లాడతారు. సర్వేల్లో మాత్రం ఎక్కువమంది 26నే ఉంచమంటున్నారు. మార్పు కోరేవాళ్లు యువతరంలో ఎక్కువ.

రెండోది చట్టం. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ సెలవులు ప్రధానంగా రాష్ట్రాల చట్టాల కింద ఉంటాయి. కాన్‌బెరాలో ప్రధాని ఒక్క సంతకంతో దేశమంతటా తేదీ మార్చలేరు. 1994లో కుదిరినట్టే మళ్లీ రాష్ట్రాలన్నీ ఒక మాట మీదికి రావాలి. 2023 అక్టోబర్‌లో ఆదివాసీ సలహా మండలి మీద జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 60 శాతం మంది వద్దన్నాక, ఏ రాష్ట్ర ప్రభుత్వమూ దీన్ని నెత్తినెత్తుకోవడానికి తొందరపడటం లేదు.

మూడోది చర్చల్లో తక్కువగా వినపడుతుంది. సెలవును మార్చినా సంతాప దినం, టెంట్ ఎంబసీ, 1988 కవాతు ఆ తేదీ మీదే ఉంటాయి. అందుకే ఆదివాసుల్లో కూడా అభిప్రాయం ఒకటి కాదు. తేదీ మార్చమనేవాళ్లున్నారు, అసలు ఆ పండగే రద్దు చేయమనేవాళ్లున్నారు, 26ని అలాగే ఉంచి ఆ రోజు ఏం జరిగిందో నిజం చెప్పమనేవాళ్లున్నారు. సిడ్నీలో ఆ రోజు యాబున్ పేరుతో వేలాదిమందితో జరిగే ఆదివాసీ ఉత్సవం ఈ మూడో దారికి దగ్గర. మేమింకా ఉన్నాం అన్నది దాని ధోరణి.

ఈ గొడవకి తర్వాతి గడువు క్యాలెండర్‌లో ఇప్పటికే రాసి ఉంది. 2038 జనవరి 26, మంగళవారం. ఫిలిప్ జెండా పాతి 250 ఏళ్లు, ఆస్ట్రేలియన్ హాల్లో ఆ వందమంది కూడి 100 ఏళ్లు, రెండూ ఆ రోజే నిండుతాయి. ఇద్దరి వారసులూ సిడ్నీలోనే ఉంటారు, ఇద్దరూ పర్మిషన్లకి దరఖాస్తు పెట్టుకుంటారు. ఈసారి టౌన్ హాల్ ఎవరికిస్తారో చూడాలి.